అరవై పౌండ్ల విల్లు, ముప్పై కిలోల సూట్‌కేసు

ఇప్పుడు నన్ను చూసేవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఒకప్పుడు నాకు అనుమానమనేదే ఉండేది కాదు. ఇప్పుడైతే పెరుగు డబ్బా కొన్నా మూత మీది తేదీ చదివి, బుట్టలో వేసి, మళ్ళీ తీసి చదువుతాను. బాబు తుమ్మితే ఏసీ తగ్గిస్తాను, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని నుదురు ముట్టుకు చూస్తాను. వాడికి ఒక చెంచా కొనడానికి నేను చేసిన విచారణ, పెళ్ళికి ముందు మా నాన్న పెళ్ళికొడుకు గురించి చేసిన విచారణ కంటే ఎక్కువ. (మా ఆయన ఈ వాక్యం చదివి నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిందేమీ లేదు, చెంచా కూడా బాగానే కుదిరింది.) అటువంటి నేను, దోహాకు వచ్చిన కొత్తలో, జన్మలో ఎన్నడూ ముట్టుకోని ఒక వస్తువు గురించి, దాన్ని కొనడానికి వచ్చినవాళ్ళకు కళ్ళార్పకుండా సలహాలు చెప్పేదాన్ని. ఆ వస్తువు వేట విల్లు. బాబు ఇప్పుడే పడుకున్నాడు కాబట్టి, వాడు లేచేలోపు ఆ ముచ్చట చెప్పేస్తాను.

పెళ్ళయిన కొత్తలో మేము మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాను నాలుగు ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటిలో ఒక ముక్కలో ఉండేవాళ్ళం. మా ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయేవారు. నేను ఎం.కాం. పట్టా పక్కన పెట్టుకుని, కిటికీలోంచి పక్కవాళ్ళ ఏసీ నుంచి కారే నీళ్ళు చూస్తూ కూర్చునేదాన్ని. విజయవాడ నుంచి ఫోను చేసిన ప్రతివాళ్ళూ "అక్కడ ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేవాళ్ళు. "ఇంట్లోనే ఉంటున్నానండి" అంటే, "అయ్యో, పోనీలే" అనేవాళ్ళు. ఆ పోనీలే నా ప్రాణం తీసేది. అకౌంట్స్ ఉద్యోగాలకు నేను పెట్టుకోని దరఖాస్తు లేదు. చివరికి నన్ను రమ్మన్నది అల్ ముంతజాలోని ఒక ఆటవస్తువుల దుకాణం. క్రికెట్ బ్యాట్ల నుంచి గుడారాల దాకా అన్నీ అమ్మే చోటు. నాకు ఇస్తామన్నది విల్లంబుల విభాగం. మూడు నెలలు ప్రొబేషన్, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే మళ్ళీ కిటికీ, ఏసీ నీళ్ళు, పోనీలే.

ఆ దుకాణం మేనేజరు ఒక మలయాళీ పెద్దమనిషి. ఏ మాటకైనా ముందు "స్లోలీ, స్లోలీ" అనేవాడు కాబట్టి ఇంట్లో మేమాయనకు స్లోలీ సార్ అని పేరు పెట్టుకున్నాం. ఇంటర్వ్యూలో ఆయన "విలువిద్య తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. "మంచిది. తెలిసినవాళ్ళు కస్టమర్లతో వాదన పెట్టుకుంటారు" అని ఉద్యోగం ఇచ్చేశాడు. అడవే లేని దేశంలో, చెట్టు కనిపిస్తే పక్కన నిలబడి ఫోటో దిగే దేశంలో, వేట విల్లు ఎవరు కొంటారని నాకు అనుమానం వచ్చింది. (చెప్పాను కదా అనుమానాలు లేవని, ఇదొక్కటే.) ఆయన నవ్వి, కొందరు పెద్దవాళ్ళు సెలవులకు వేరే దేశాలు వెళ్ళి వేటాడతారనీ, మిగతా ఏడాదంతా ఎడారిలోని తమ మజ్రాల్లో, అంటే పొలాల్లో, స్పంజితో చేసిన జింకలను నిలబెట్టి వాటి మీద బాణాలు వేసి చెయ్యి సాధన చేసుకుంటారనీ చెప్పాడు. స్పంజి జింకను కూడా చూపించాడు. దాని కళ్ళు మా ఆయన కళ్ళలా ఉన్నాయి. నాకు వెంటనే ఆ విభాగం మీద ఆపేక్ష కలిగింది.

ఈ విళ్ళు మనం పటాల్లో చూసే విళ్ళలా ఉండవు. రెండు కొసలకూ చక్రాలుంటాయి. ఆ చక్రాల మాయ ఏమిటంటే, తాడు లాగడం మొదలుపెట్టగానే మొండి గేదెను లాగుతున్నట్టు ఉంటుంది, మూడు వంతులు లాగాక చక్రాలు తిరిగి, హఠాత్తుగా ఆ గేదె దూడ అయిపోతుంది. అప్పుడు తాపీగా పట్టుకుని గురి చూసుకోవచ్చు. ఆ గేదె ఎంత మొండిదో చెప్పేదే విల్లు బరువు. విల్లును ఎత్తే బరువు కాదది, తాడును లాగే బరువు. దాన్ని పౌండ్లలో చెబుతారు. స్లోలీ సార్ నన్ను నిలబెట్టి పాఠం చెప్పాడు: "మేడమ్, కస్టమర్ ఏ నంబరు అడిగినా దానికి ఇరవై తగ్గించి మొదలుపెట్టాలి. స్టూలు మీద కూర్చోబెట్టి లాగించాలి. నేరుగా ముందుకు పట్టుకుని లాగగలిగితే అది అతని బరువు. విల్లు పైకెత్తి, పళ్ళు కొరికి లాగాడంటే అది అతని బరువు కాదు, అతని గొప్ప. ఇక బాణం లేకుండా తాడు వదలనివ్వవద్దు, ఎప్పుడూ. వదిలితే ఆ బలమంతా తీసుకుపోవడానికి బాణం ఉండదు కదా, విల్లు మీదే పడుతుంది. విల్లు పగులుతుంది. మనిషికి తగులుతుంది. తర్వాత నీ ఉద్యోగానికీ నా ఉద్యోగానికీ తగులుతుంది. స్లోలీ, స్లోలీ."

నేను శ్రద్ధగా తలూపాను. కానీ ఆయన చెబుతున్నంతసేపూ నా కళ్ళు బల్ల మీద ఉన్న ఒక పరికరం మీదే ఉన్నాయి. పైన పట్టుకోవడానికి పిడి, మధ్యలో అంకెలు, కింద కొక్కెం. విల్లు తాడుకు కొక్కెం తగిలించి లాగితే ఎన్ని పౌండ్లో చెబుతుందట. అది అచ్చం మన సూట్‌కేసులు తూచే మిషను! గల్ఫులో ఉన్న తెలుగువాళ్ళ ఇంట్లో గ్రైండరు లేకపోవచ్చు గానీ అది లేకుండా ఉండదు. దాన్ని చూడగానే నాకు పుట్టింటివాళ్ళు ఎదురొచ్చినట్టయింది. ఈ శాస్త్రం మనకు తెలిసిందే అనిపించింది.

ఆ సాయంత్రం మా ఆయనకు ఇదంతా చెప్పాను. ఆయన క్వాంటిటీ సర్వేయరు, అంటే కట్టడాల్లో ఏది ఎంత పడుతుందో లెక్కగట్టే ఉద్యోగం. అంకె కనపడితే ఊరుకోలేరు. భోజనం మధ్యలో ఆపి, ఎంగిలి చేత్తోనే గాలిలో లెక్క వేసి, "మీ దుకాణంలో పెద్దది అరవై పౌండ్లు అన్నావు కదా. అంటే ఇరవై ఏడు కిలోలు. అంతే!" అన్నారు.

"అంతేనా?"

"అంతే. మన చెకిన్ బ్యాగేజీ ఎంత? ముప్పై కిలోలు. దానికంటే మూడు కిలోలు తక్కువ. ఇంకా మూడు కిలోల ఆవకాయ పడుతుంది అందులో."

"మరి మా సారేంటండీ, అరవై అంటే మనుషుల వల్ల కాదన్నట్టు చెప్పాడు?"

"వాళ్ళ ఊరు నాలుగు గంటల ప్రయాణం. సంచీ తగిలించుకుని వెళ్ళిపోతారు. వాళ్ళకు బరువుల సంగతి ఏం తెలుసు?" అన్నారు. (వాళ్ళ ఊరికీ మా ఊరికీ విమానంలో పెద్ద తేడా లేదు. కానీ ఆ క్షణంలో ఆ వాదన నాకు చాలా బలంగా కనిపించింది.) అంతటితో ఆగకుండా చెయ్యి కడుక్కొచ్చి, అల్మారా పైనుంచి పెద్ద సూట్‌కేసు దించి, అందులో బియ్యం సంచీ, పప్పుల డబ్బాలు, నా ఎం.కాం. పుస్తకాలు వేసి, మిషనుతో తూచి, సరిగ్గా ఇరవై ఏడు కిలోలకు తెచ్చి, ఒక్క ఊపున ఎత్తి నిలబడ్డారు. "చూశావా? నేనే ఎత్తాను!" అన్నారు. నిజంగానే ఎత్తారు. నీళ్ళ క్యాను మార్చమంటే నడుం పట్టుకునే మనిషి. నాకిక సందేహం ఎక్కడుంటుంది? సూట్‌కేసును కాళ్ళూ నడుమూ కలిసి ఎత్తుతాయి, విల్లును మూడు వేళ్ళూ ఒక రెక్కా లాగాలి అన్న చిన్న తేడా ఇద్దరు పట్టభద్రులకూ తట్టలేదు.

ప్రొబేషను ఇక పూర్తవుతుందనగా ఒక రోజు స్లోలీ సార్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న గోడౌనుకు వెళ్ళాడు. వెళుతూ వెళుతూ, "మేడమ్, ఈ వారం నీ రిపోర్టు పంపాలి. ఇంతవరకూ ఒక్క పెద్ద విల్లయినా అమ్మలేదు నువ్వు. కానీ తొందర లేదు, స్లోలీ" అన్నాడు. ఆ స్లోలీ నాకు యల్లా, అంటే త్వరగా కానీ, అన్నట్టు వినిపించింది. ఆయన వెళ్ళి గంటయిందో లేదో, ఒక జంట లోపలికి వచ్చింది. ఆయన భారీ మనిషి, మీసం, నుదుట చిన్న బొట్టు, కంపెనీ లోగో ఉన్న చొక్కా. ఆవిడ సన్నగా, చేతిలో కూరగాయల సంచీతో ఉంది. ఆయన గోడ మీది విళ్ళ వంక చూసి ఆవిడతో, "అగో, గా నల్లది జూడు, ఎట్లున్నది!" అనగానే నేను పులకించిపోయాను.

"మీరు తెలుగువాళ్ళాండీ?"

"ఏ, మనోళ్ళే! మాది కరీంనగర్ దిక్కు చెల్లె. నువ్వు ఆంధ్రనా?" అన్నాడు. అప్పటి నుంచి ఆయన కరీంనగర్ అన్నయ్య, ఆవిడ వదిన అయిపోయారు. విషయమేమిటంటే, ఆయన ఒక కంపెనీలో స్టోర్సు చూస్తాడు. వాళ్ళ ముదీరుకు, అంటే పెద్ద బాసుకు, అల్ షహానియా దగ్గర మజ్రా ఉంది. ఆ పెద్దాయనకు విల్లుతో వేటాడటం సరదా. ఈసారి సెలవు రోజున స్టాఫు అందరినీ కుటుంబాలతో రమ్మన్నాడు, విల్లు ఉన్నవాళ్ళు తెచ్చుకోమన్నాడు. ఎవరి దగ్గరా లేదు. విల్లుతో తానొక్కడే కనిపిస్తే ముదీరు కంట్లో పడతానని అన్నయ్య ఆశ.

"మా ముదీరు సాబు అరవై గుంజుతడట. నాకు గూడ అరవయ్యే ఇయ్యి చెల్లె. తక్కువది పట్టుకొనిపోతె ఇజ్జత్ ఉంటదా?"

"ఇజ్జత్ సంగతి అటెన్క" అంది వదిన, కూరగాయల సంచీ కౌంటరు మీద పెడుతూ. "మొన్న పచ్చడి సీస మూత తియ్యమంటె చెయ్యి నొస్తున్నదన్నవు."

"అది నూనె కారి జిడ్డుగుండె."

"ఆఖరికి నేనే తీసిన."

"నేను వదులు జేసినంకనే గద నీకొచ్చింది!"

ఇదే సమయం. స్లోలీ సార్ చెప్పినట్టు ఇరవై తగ్గించి, స్టూలు వేసి కూర్చోబెట్టాలి. కానీ నా కళ్ళ ముందు రిపోర్టు ఉంది, మా ఆయన ఎత్తిన సూట్‌కేసు ఉంది. నేను మెడలోని బ్యాడ్జి సరిచేసుకుని, ఎంతో అనుభవం ఉన్నదానిలా, "అరవై అంటే భయపడకండి అన్నయ్యా. కిలోల్లో చూస్తే ఇరవై ఏడే. మన సూట్‌కేసు కంటే తక్కువ" అన్నాను.

అన్నయ్య మొహం వెలిగిపోయింది. "గంతేనా! ఇనవడ్డదా?" అని వదిన వైపు తిరిగాడు. "సూట్‌కేసు అంటె నాకొక లెక్కనా? పోయిన పారి హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల బెల్టు మీదికెల్లి పోతావుంటె ఒక్క చేత్తోని గుంజి కింద వెట్టిన."

"వెట్టిండు" అంది వదిన నాతో. "పక్కోల్ల సూట్‌కేసు."

నేను నల్ల విల్లు దించి ఆయన చేతిలో పెట్టాను. "బాణం లేదు కాబట్టి తాడు మాత్రం వదలకండి అన్నయ్యా" అని చెప్పడం మాత్రం మరచిపోలేదు. ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి, ముందుకు చాచి లాగాడు. తాడు కదలలేదు. మళ్ళీ లాగాడు. మీసం కదిలింది, తాడు కదలలేదు. వదిన గొంతు సవరించుకుంది. ఆ సవరింపు ఆయనకు తగిలినట్టుంది. విల్లును దుకాణం కప్పు వైపు ఎత్తి, కళ్ళు మూసుకుని, ఎవరో కొట్టినట్టు "హుమ్మా!" అని అరిచి, రెండు చేతులూ ఒకేసారి విడదీశాడు. చక్రాలు తిరిగాయి. గేదె దూడ అయింది. తాడు ఆయన దవడ దగ్గరకు వచ్చి నిలిచింది. నేను చప్పట్లు కొట్టాను. అవును, కొట్టాను. పైకెత్తి లాగితే ఏమని అర్థమో నాకు పాఠం చెప్పి మూడు నెలలు కాలేదు.

అన్నయ్య విజయగర్వంతో విల్లు కిందికి దించి, అటూ ఇటూ తిరిగి చూశాడు. ఆయన ఎటు తిరిగితే అటు దుకాణంలోని జనం వంగిపోయారు. (బాణం లేదు. అయినా వంగిపోయారు. నేనూ వంగాను.)

"మంచిగున్నది చెల్లె. ఇగ ఇప్పుడేం జెయ్యాలె?"

"ఇప్పుడు..." అన్నాను. అన్నాక అక్కడే ఆగాను. తాడు లాగడం గురించి ఆలోచించానే గానీ, లాగినదాన్ని మళ్ళీ వెనక్కి ఎలా పోనివ్వాలన్నది నాకూ మా ఆయనకూ తట్టనేలేదు. సూట్‌కేసయితే కింద పెట్టేస్తాం కదా! దీన్ని కింద పెట్టే వీలు లేదు. మెల్లగా వెనక్కి పంపుదామంటే ఆ దూడ మళ్ళీ గేదె అయి మనిషినే ఈడ్చుకుపోతుంది. ఠక్కున వదిలేస్తే విల్లు పగులుతుంది, ఆయనకు తగులుతుంది, నాకు తగులుతుంది.

"వదలకండి అన్నయ్యా!"

"వదల్త లేను గద. ఎంతసేపు?"

"మా సార్ వచ్చేదాకా."

"సారు ఏడున్నడు?"

"గోడౌన్లో."

"గోడౌను ఏడున్నది?"

"ఇండస్ట్రియల్ ఏరియాలో."

ఆయన మొహంలో రంగు మారింది. దోహాలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, అక్కడి నుంచి అల్ ముంతజాకు ఆ పూట ట్రాఫిక్కులో రావడమంటే మధ్యలో ఒక ఏడాది వయసు పెరుగుతుంది. నేను స్లోలీ సార్‌కు ఫోను చేసి స్పీకరు పెట్టాను. సంగతి చెప్పగానే "ఏ నంబరు?" అన్నాడు. "అరవై" అన్నాను. "కూర్చుని లాగాడా?" అన్నాడు. నేను ఖాళీ స్టూలు వంక చూశాను. "పైకెత్తాడా?" అన్నాడు. నేను దుకాణం కప్పు వంక చూశాను. కారు తలుపు మూసిన చప్పుడు, ఆ వెంటనే హారను మోత వినిపించాయి. అది ఎవరి కోసం కొట్టాడో నాకు అర్థమైంది.

అదే సమయంలో అన్నయ్య జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆయన రెండు చేతులూ విల్లుకే అంకితం. వదిన జేబులోంచి ఫోను తీసి చూసి, "అయ్యో, ముదీరు సాబు!" అంది.

"ఎత్తకు!" అన్నాడు ఆయన.

ఆవిడ అప్పటికే ఎత్తేసింది. "హలో, సలామ్ సాబ్... హా... నహీ సాబ్... ఉన్‌కా హాత్ మాఫీ హై." (ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు అని.) అవతల పెద్దాయన కంగారుపడినట్టున్నాడు, ఏదో గట్టిగా అడుగుతున్నాడు. "నహీ నహీ, హాత్ హై! దోనో హాత్ హై సాబ్, లేకిన్ బిజీ హై. తీర్ కమాన్ పకడ్కే ఖడా హై... హా సాబ్, దుకాన్ మే... మాలూమ్ నహీ, కబ్ ఛోడేగా." ఫోను పెట్టేసి, "నవ్వుతున్నడు" అంది.

"నా ఇజ్జత్ అంత తీసినవు" అన్నాడు అన్నయ్య. ఆయన మోచెయ్యి సన్నగా వణకడం మొదలైంది. చెమట కనుబొమ్మల మీదుగా దిగి కళ్ళలో పడుతోంది. తుడుచుకునే దారి లేదు. వదిన కొంగుతో తుడిచింది. అప్పటిదాకా వెక్కిరిస్తున్న ఆవిడ గొంతు కూడా మారింది. "చెల్లె, గీయన ఇగ ఆగడు. ఏమన్న జెయ్యి."

ఉద్యోగం సంగతి సరే, ఆయన వేళ్ళు, ఆయన మొహం! నిలబడిన చోటి నుంచే నాకు విజయవాడ ఫోన్లన్నీ ఒకేసారి వినిపించాయి. కానీ భయం బాగా ముదిరితే ఒక్కోసారి పని చేస్తుంది. "వదినా, మీరు ఆయన చేతి పక్కనే తాడు పట్టుకోండి. నేను ఇటు పక్క పట్టుకుంటాను. ముగ్గురం కలిసి వెనక్కి పంపుదాం" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, పరాయి మగవాడి దవడకు అంగుళం దూరంలో చెయ్యి పెట్టడానికి మనసొప్పక ఆగాను. వదిన కనిపెట్టేసింది. "పట్టుకో చెల్లె, నేనేమనుకోను. ఆ మొహానికి అంత దగ్గరికి నేను గూడ షాన దినాలకు పోతున్న!"

ముగ్గురం పట్టుకున్నాం. ఫోన్లోంచి "స్లోలీ... స్లోలీ..." అని దైవవాణిలా వినిపిస్తోంది. తాడును వేలెడు ముందుకు పోనిచ్చాం. బాగానే ఉంది. ఇంకో వేలెడు. బాగానే ఉంది. అప్పుడు గేదె వచ్చింది. అది మామూలు గేదె కాదు. ముగ్గురినీ ఒక్క గుంజు గుంజింది. అన్నయ్య ముందు, ఆయన వీపు మీద వదిన, ఆవిడ పక్కన నేను, ఎవరమూ తాడు వదలకుండా, గునగునా పరిగెత్తుకుంటూ వెళ్ళి, చలికాలం అమ్మకానికని పేర్చి ఉంచిన, గుడారాల్లో దూరి పడుకునే పరుపు సంచుల గుట్టలో పడ్డాం. గుట్ట మా మీద పడింది. కాసేపు ఏమీ కనపడలేదు. చీకట్లో వదిన గొంతు వినిపించింది: "ఉన్నవా?"

"ఉన్న."

"ఇల్లు (విల్లు అనబోయి ఆయాసంలో అలా అంది) ఉన్నదా?"

"ఉన్నది. మీదికెల్లి లెవ్వు, ముందుగాల."

స్లోలీ సార్ వచ్చేసరికి మేము ముగ్గురం స్టూళ్ళ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాం. నా తలలో ఇంకా పరుపు సంచీ దూది ఉంది. ఆయన నా వంక చూడలేదు. నేరుగా విల్లు దగ్గరికి వెళ్ళి, చక్రాలు తిప్పి చూసి, తాడు పొడవునా వేలు పెట్టి నిమిరి, విల్లు బద్దలను వెలుగుకు పట్టి పగులు కోసం వెతికాడు. బాబు పుట్టినప్పుడు డాక్టరమ్మ వాడిని పరీక్షిస్తుంటే తప్ప అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ నిలబడలేదు. "విల్లు ఓకే" అన్నాడు చివరికి. తర్వాత అన్నయ్య వేళ్ళు చూశాడు. "కస్టమర్ కూడా ఓకే" అన్నాడు. నా గురించి ఏమీ అనలేదు.

ఆ మీదట ఆయన ఒక చిన్న తాళంచెవి లాంటిది తీసి, అదే నల్ల విల్లు మరలు తిప్పి బరువు తగ్గించడం మొదలుపెట్టాడు. కొక్కెం తగిలించి తూచాడు, మళ్ళీ తిప్పాడు. నలభై దగ్గర ఆపి, అన్నయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి ఇచ్చాడు. అన్నయ్య ఈసారి విల్లు పైకెత్తలేదు, అరవలేదు. నేరుగా లాగాడు. ఊపిరి పీలుస్తూ పట్టుకున్నాడు. మెల్లగా వెనక్కి పంపాడు. గేదె వచ్చింది గానీ, చెప్పిన మాట వినే గేదె. ఆయన దుకాణమంతా ఒకసారి కలయజూసి, స్లోలీ సార్ చెవి దగ్గరకు వంగి హిందీలో అడిగాడు, ఈ నంబరు బయటికి ఎక్కడైనా కనపడుతుందా అని.

"కనపడదు" అన్నాడు స్లోలీ సార్. "విల్లు అదే. రంగు అదే. లోపల ఎంతుందో లాగినవాడికి తప్ప ఎవరికీ తెలియదు."

"అయితె గిదే ప్యాక్ జెయ్యిండ్రి" అన్నాడు అన్నయ్య.

వాళ్ళు విల్లు పట్టుకుని వెళ్ళిపోయారు. కూరగాయల సంచీ మరచిపోయి మళ్ళీ వచ్చారు. ఆ సెలవు రోజు గడిచాక వదిన నాకు ఫోను చేసింది. స్పంజి జింక నిలబడ్డ చోటే క్షేమంగా ఉందనీ, అన్నయ్య వేసిన మొదటి బాణం దిబ్బ దాటి పోతే పక్క మజ్రాలో పడుకున్న ఒంటె ఒకటి లేచి ఇటు చూసి మళ్ళీ పడుకుందనీ చెప్పింది. ముదీరు సాబు మాత్రం అన్నయ్యను చూడగానే, "హాత్ కైసా హై?" అని భుజం తట్టి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించాడట. అందరికీ ఆ ఫోను కథ చెప్పి చెప్పి నవ్వాడట. "కంట్ల పడాలనుకున్నడు గద, పడ్డడు" అంది వదిన. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నేను గూడ ఒకటేసిన చెల్లె. జింక చెవ్వుకు తాకింది. మీ అన్న మొహం జూడాలె!" అని చెప్పింది.

నా రిపోర్టు సంగతి చెప్పలేదు కదూ. వారం చివర స్లోలీ సార్ నన్ను పిలిచాడు. నేను బ్యాడ్జి తీసి చేత్తో పట్టుకునే వెళ్ళాను, అడిగేలోపే ఇచ్చేద్దామని. ఆయన కాగితం మీద సంతకం పెడుతూ, "మేడమ్, కస్టమర్లకు నువ్వంటే ఇష్టం. నువ్వు నమ్మిస్తే నమ్ముతున్నారు. అది మంచి గుణం, చాలా ప్రమాదం కూడా. నిన్ను ఉంచుకుంటున్నాం" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. "కానీ సోమవారం నుంచి ఈత కళ్ళద్దాల విభాగం. దాంట్లో బరువు లేదు" అన్నాడు. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే ఆయన పొంగిపోయి, "కళ్ళద్దాలకు మాత్రం కొలత ఉండదా? చూడు, మనిషి తల చుట్టుకొలత..." అంటూ టేపు కోసం లేచారు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

రెండేళ్ళు అమ్మాను ఈత కళ్ళద్దాలు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత బాబు వచ్చాడు, ఉద్యోగం మానేశాను, భయాలు వచ్చి చేరాయి. ఇప్పుడు విజయవాడ నుంచి ఫోను చేసి ఏం చేస్తున్నావమ్మా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పే తీరిక కూడా లేదు. ఒక్కోసారి అనుకుంటాను, ఏమీ తెలియకుండానే ఛాతీ విరుచుకుని "భయపడకండి అన్నయ్యా" అన్న ఆ పిల్ల ఇప్పుడు మా గుమ్మంలోకి వచ్చి ఏదైనా అమ్మజూపితే ఏం చేస్తానా అని. దాని దగ్గర గుండుసూది కూడా కొనను. కానీ లోపలికి పిలుస్తాను. కాఫీ ఇస్తాను. అది గలగలా చెప్పే తప్పుల తడక కబుర్లన్నీ కూర్చుని వింటాను. బాబును ఎత్తుకుంటానని చేతులు చాస్తే మాత్రం కాస్త ఆలోచిస్తాను. సోఫా మధ్యలో కూర్చోబెట్టి, రెండు పక్కలా దిండ్లు పెట్టి, అప్పుడు ఇస్తానేమో.